దూడ మూతి తగిలితే

మల్కాపురం,
9-7-1978

అన్నయ్యకి,

సీతాలు రాస్తోంది. ఇక్కడ అందరం తిరుగుతూనే ఉన్నాం. నీ దగ్గు ఎలా ఉందో వదిన రాయలేదు, నువ్వు ఎలాగూ రాయవు. ఇనుపగని డాక్టరుకి చూపించుకోమని పోయినసారి రాశాను. చూపించుకుని ఉండవు.

ఆవు ఈనిందనీ, పెయ్యదూడ పుట్టిందనీ రాస్తే అక్కడ క్యాంపులో అందరికీ మిఠాయి పంచావట కదా, వదిన రాసింది. ఈ ఉత్తరం అంత మంచిది కాదు. చదివి అక్కడి నుంచే కేకలెయ్యకు.

ఆవుకి పొదుగు వాచింది. వెనక కుడివైపు చన్ను. ఆదివారం పొద్దున చెయ్యి వేస్తే అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలింది. పట్టుకుంటే రాయి. రెండేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా తన్నని ఆవు కాలు విసిరింది. సరే, దోమ కుట్టిందేమో అనుకుని, ఎప్పటిలాగే గుమ్మం గుమ్మానికీ పితికి పొయ్యడానికి వీధిలోకి తోలుకెళ్ళాను. అదే నేను చేసిన బుద్ధిలేని పని.

మూడో గుమ్మం అచ్యుతరామయ్య గారిది, రిఫైనరీలో గుమాస్తా. ఆయన సంగతి నీకు తెలుసు, చెంబు బోర్లించి చూపించినా ఇంకోసారి బోర్లించమంటాడు. అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. ఆ చన్ను పిండేసరికి చెంబులో పెరుగు ముక్కల్లాంటి గడ్డలు పడ్డాయి, వాటితో పాటు ఎర్రగా ఒక చార. "ఏటిది సీతాలూ, ఇయి పాలా, సీమూ నెత్తురా?" అన్నాడు. వీధి వీధంతా విన్నారు. ఆ చెంబు కొంగు కింద దాచుకుని ఆవుని వెనక్కి తిప్పుకొచ్చాను. తల ఎత్తలేదు.

పశువుల డాక్టరు గురునాథరావు గారు స్కూటరు మీద వచ్చారు. సూది వేశారు. చిన్న గొట్టంలాంటి దానితో చన్నులోకి మందు ఎక్కించారు. ఆవుని పది గుమ్మాల బురదలో నిలబెట్టి, గుమ్మానికి ఇంత చొప్పున పితికితే రోగం రాక ఏమొస్తుందని నన్నే తిట్టారు. మరి ఏం చెయ్యను? ఇంటి దగ్గర పితికి పట్టుకెళితే నీళ్ళు కలిపావంటారు. కళ్ళ ముందు పితికితేనే కొంటారు. ఆ మాటే అన్నాను. "అయితే ఇనమ్మా. బాగున్న మూడు సన్నులూ ముందు పితుకు, దీన్ని ఆకర్న పితుకు. వాపు తీసీదాకా దీని పాలు పిండి పారబొయ్యి. సెయ్యి సబ్బెట్టి కడుక్కో" అని వెళ్ళిపోయారు.

అన్నయ్యా, పాలు నేల మీద ఎలా పారబొయ్యను? అమ్మ ఒక్క చుక్క పొంగిపోయినా కళ్ళకద్దుకుని తుడిచేది. చెంబు పట్టుకుని పెరట్లో చాలాసేపు నిలబడ్డాను. చెయ్యి వంగలేదు. గోడ మీంచి పక్కింటి పోతమ్మ చూసి, "ఓలమ్మ! పాలు నేలన పోత్తావేటే? కొంప గుల్లయిపోద్ది!" అని గుండె బాదుకుంది. చివరికి కళ్ళు మూసుకుని కాలవలో ఒంపేశాను. ఆ రోజు అన్నం సయించలేదు. మీ బావకి చెబితే, "నాకేటి తెల్దు, అది మీ అన్న ఆవు, అతన్నే అడుగు" అన్నారు. పోర్టులో రోజంతా బస్తాలు మోసి వచ్చిన మనిషి అంతకంటే ఏమంటారు?

రోజూ ఇలా పారబొయ్యడం నా వల్ల కాదు. ఏం చెయ్యాలో వెంటనే రాయి. పెయ్య బాగుంది. తోక ఎత్తుకుని గెంతుతోంది. చెవులు మాత్రం అచ్చం నీవే, పెద్దవి.

నీ చెల్లెలు
సీతాలు

·

కిరండోల్,
17-7-1978

సీతాలూ,

ముందు తిట్లు, తర్వాత ఆశీస్సులు. వాపు ఉన్న ఆవుని వీధిలోకి తోలుకెళ్ళడానికి నీకు బుద్ధి ఉందా? నాన్న పోయి పదేళ్ళయింది, ఆయన పశువుల దగ్గర నేర్పిందంతా నువ్వు ఆయనతోనే పంపించేసినట్టున్నావు.

పాలు పారబొయ్యమన్న ఆ డాక్టరు ఏ దేశం వాడే? పుస్తకం చదివి వచ్చి ఉంటాడు. స్కూటరు మీద వచ్చి, పాలు కాలవలో ఒంపమని చెప్పి పోతే సరిపోతుందా? పాలు నేలపాలు చేసిన ఇల్లు బాగుపడడం నేనెక్కడా చూడలేదు. ఇంక ఒక్క చుక్క పారబొయ్యకు.

నేను చెప్పింది చెయ్యి. మన ఎర్రావుకి ఇలాగే వాస్తే నాన్న ఏం చేశాడు? దూడని పొదుగు మీదికి ఒగ్గేశాడు. దూడ మూతి తగిలితే గడ్డ కరుగుతుంది. చెయ్యి పిండడం వేరు, దూడ కుమ్మి కుమ్మి తాగడం వేరు. బాగున్న మూడు చన్నులూ నువ్వు పితుక్కో, వాచిన చన్ను రెండు పూటలా దూడకి వదిలెయ్యి. గడ్డ కరుగుతుంది, పాలు నేలన పడవు, నా పెయ్య కడుపు నిండుతుంది. సూదులూ గొట్టాలూ ఇంక వద్దు. పెద్దల మాట చద్దన్నం మూట అని ఊరికే అనలేదు.

ఇక్కడ వాన ఆగడం లేదు. కొండ మీంచి ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. వాన లేని రోజు ఎర్రదుమ్ము. తుమ్మితే ఎరుపు, ఉమ్మితే ఎరుపు. దగ్గు గురించి అడిగావు, ఉంది. అందుకే ఒకటి అనుకున్నాను. ఈ వానలు వెళ్ళాక, దసరా నాటికి, ఇక్కడ చాలించి వచ్చేస్తాను. పాలు నీవి, పెయ్య నాది అని ఆవు కొన్ననాడే మాట అనుకున్నాం. పెయ్య మూడేళ్ళకి ఈనుతుంది. అందాకా నీ దగ్గరే గడ్డి కోసి పడేస్తాను, నువ్వు పెట్టింది తింటాను. తర్వాత రెండు ఆవులు, రెండు కుటుంబాలు. బతకలేమా?

దానికి పేరు కూడా పెట్టేశాను. మెరకమ్మ. దువ్వాడ దగ్గర మన మెరక చేను ఉక్కు ఫ్యాక్టరీ కంచె లోపలికి పోయింది, ఆ డబ్బులోనే కదా ఈ ఆవు వచ్చింది. చేను పోయింది, పేరైనా ఇంట్లో తిరుగుతుంది. రోజూ ఆ పేరుతో పిలు. అలవాటు కావాలి. ఈ మాట మీ వదినతో అంటే, "నిలబడ్డానికి ఊపిరి సాలదు గానీ గడ్డి కోత్తాడంట" అని నవ్వింది. నవ్వి లోపలికి వెళ్ళి ఏడ్చింది. నేను చూడలేదనుకుంది.

అన్నయ్య
అర్జునరావు

·

మల్కాపురం,
28-7-1978

అన్నయ్యకి,

నీ ఉత్తరం శనివారం అందింది. అందిన పూట నుంచీ నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. డాక్టరు గారు మళ్ళీ రమ్మన్న రోజు వెళ్ళలేదు. వాచిన చన్ను దూడకే. మొదటిరోజు ఆవు దాన్ని దగ్గరికి రానివ్వలేదు, కాళ్ళు కట్టి వదిలాను. ఇప్పుడు నిలబడుతోంది. పాలు కాలవలో పొయ్యడం తప్పింది, నాకు అదే పదివేలు. ఆ రోజే కడుపునిండా అన్నం తిన్నాను.

వాపు కొంచెం తీసింది. వేడి తగ్గింది. కానీ లోపల చింతపిక్కంత గట్టిగా ఏదో తగులుతోంది. పిండి చూస్తే నీళ్ళలాంటి పాలు, అందులో పొట్టు. పాలు మాత్రం బాగా పడిపోయాయి అన్నయ్యా. రెండు పూటలా కలిపి తొమ్మిది లీటర్లు ఇచ్చే ఆవు ఐదు ఇస్తోంది. వాచింది ఒక్క చన్ను, తగ్గింది నాలుగింటా. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాలేదు. ఒంట్లో బాగులేని మనిషి అన్నం తగ్గించినట్టు పాలు తగ్గించిందేమో. తవుడూ ఉలవలూ పెడుతూనే ఉన్నాను. వాపు పూర్తిగా తీశాక మళ్ళీ పెరుగుతాయిలే అంటోంది పోతమ్మ.

మెరకమ్మ అని పిలుస్తున్నాను. పిల్లలు మెరకమ్మా మెరకమ్మా అని దాని వెంటే తిరుగుతున్నారు. రెండు రోజులుగా కొంచెం పల్చగా వేస్తోంది. లేతదూడ కదా, ఎక్కువ తాగేసి ఉంటుంది.

నువ్వు దసరాకి వస్తానంటే మీ బావ నిన్న సాయంత్రమే పెరటి వైపు వసారా కొలిచారు. తడికలు కడితే మీ ఇద్దరికీ సరిపోతుందన్నారు. పోర్టు నుంచి వచ్చి, స్నానం కూడా చెయ్యకుండా, తాడు పట్టుకుని కొలిచారు. ఆయనకి నువ్వంటే ఎంత ఇదో నీకు తెలియదు. నాకు మాత్రం చెప్పలేనంత సంతోషంగా ఉంది. నువ్వు కొండ దిగి వచ్చేస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు.

ఉద్యోగం మానేసే సంగతి మాత్రం ఇప్పుడే ఎవరితోనూ అనకు. ఆవు కొంచెం తేరుకోనీ.

సీతాలు

·

కిరండోల్,
6-8-1978

సీతాలుకి,

ఫోర్‌మన్‌తో చెప్పేశాను. నీ ఉత్తరం అందేసరికే చెప్పేశాను. దసరా ముందు రోజు వరకే పని. ఆ రాత్రి దగ్గు కూడా రాలేదు, నమ్ముతావా?

ఇంకో మాట. చెల్లెల్ని నిలదీసే రకం కాదు నేను. కానీ మనసులో పెట్టుకోలేను కాబట్టి రాస్తున్నాను. ఐదు లీటర్లంటున్నావు. మా డంపరు డ్రైవరు జలీల్ సెలవు మీద మల్కాపురం వచ్చి మొన్ననే తిరిగి వచ్చాడు. వాళ్ళ అమ్మ ఆమినాబీ నీ దగ్గరే పాలు పోయించుకుంటుంది కదా. జలీల్ ఏమన్నాడో తెలుసా? "సీతాలక్క పది గుమ్మాలూ తిరగతాంది అన్నా, ఆవు బ్రహ్మాండంగా నడత్తాంది" అన్నాడు. ఐదు లీటర్లతో పది గుమ్మాలు ఎలా తిరుగుతావు? సగం గుమ్మాలు మానేసి ఉండాలి కదా. వాచిన చన్ను కూడా పితికేస్తున్నావా? ఆ పాలు దూడవి. అది మన ఒప్పందం కాకపోయినా, న్యాయం.

దూడ పల్చగా వేస్తోందని రాశావు. దూడకి పాలు చాలకపోతే గడ్డీ మట్టీ నాకుతుంది, అప్పుడే పల్చగా వేస్తుంది. ఇంకా ఒగ్గు. కడుపునిండా ఒగ్గు.

కోపం తెచ్చుకోకు. నేను ఇక్కడి నుంచి ఏదీ చూడలేను, అందుకే అడుగుతున్నాను. బావకి చెప్పు, వసారా తడికలు నేనొచ్చాక ఇద్దరం కలిసి కడదాం, ఆయనొక్కడే కట్టేస్తే వంకరగా వస్తుంది.

అన్నయ్య
అర్జునరావు

·

మల్కాపురం,
16-8-1978

అన్నయ్యా,

మెరకమ్మ పోయింది.

నిన్న పొద్దున జెండా పండగకి పిల్లలు బడికి బయల్దేరుతుంటే, వెళ్ళొస్తామని చెప్పడానికి దాని దగ్గరికి వెళ్ళారు. తల ఎత్తలేదు. వారం నుంచీ తెల్లపారుడు, నీళ్ళలా వేసేది. ఇంకా ఒగ్గమన్నావు, ఒగ్గాను. నిలబడలేకపోతే నేనే పట్టుకుని చన్ను నోట్లో పెట్టాను. మొన్నటికి కళ్ళు లోపలికి పోయాయి. మీ బావ పని మానుకుని డాక్టరు గారి కోసం పరిగెత్తారు. ఆయన వచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది. డాక్టరు గారు నన్ను ఒక మాట అడిగారు. జవాబు చెప్పాను. ఆయన ఏమన్నారో నీకు రాయడం అనవసరం.

ఆవు అరుస్తోంది. నిన్నటి నుంచీ ఆపలేదు. పొదుగు ముట్టుకోనివ్వడం లేదు.

నీ పెయ్యని నిలబెట్టలేకపోయాను. నువ్వు పని మానేస్తున్నానని చెప్పేసిన సంగతి నీ ఉత్తరంలో చదివాను. ఫోర్‌మన్‌ని మళ్ళీ అడుగు. కాళ్ళు పట్టుకునైనా అడుగు.

సీతాలు

·

కిరండోల్,
24-8-1978

సీతాలుకి,

నువ్వు నా చెల్లెలివి కాకపోతే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

దూడకి వదులుతున్నానని రాశావు. ఒక్కసారి కాదు, రెండుసార్లు. వదిలితే దూడ ఎందుకు చస్తుందే? కడుపునిండా తల్లిపాలు తాగిన దూడ చావడం మన ఇంటా వంటా ఉందా? నాన్న చేతిలో ఒక్క దూడైనా పోయిందా? నాకు అంతా తెలిసింది. పాలు పడిపోయాయి, గుమ్మాలు పోతాయని భయపడ్డావు. దూడ నోటి దగ్గరి పాలు గుంజుకుని అచ్యుతరామయ్య చెంబులో పోశావు. పది గుమ్మాలూ తిరిగింది అందుకే. జలీల్ చూసింది అదే. కడుపు మాడి చచ్చింది నా పెయ్య.

పాలు నీవి, పెయ్య నాది. నీది నువ్వు దక్కించుకున్నావు.

నేను కొండ మీద దుమ్ము తింటూ, దగ్గొచ్చినప్పుడల్లా మెరకమ్మా అనుకునేవాణ్ణి. పిచ్చివాణ్ణి. నాకు పిల్లలు లేరని నీకు తెలుసు. ఒక దూడకి పేరు పెట్టుకుని మురిసిపోతుంటే మీ వదిన నన్ను వెక్కిరించేది. ఇప్పుడు ఆవిడ కూడా వెక్కిరించడం లేదు.

డాక్టరు ఏమన్నాడో రాయడం అనవసరమా? నాకు తెలుసు ఏమన్నాడో. పాలు లేక చచ్చిందని అని ఉంటాడు.

ఫోర్‌మన్ కాళ్ళు పట్టుకోమన్నావు. పట్టుకున్నాను. నా పని ఇంకొకడికి ఇచ్చేశారు. కింద లోడింగు దగ్గర కూలీగా వేశారు, దుమ్ము అక్కడ ఇంకా ఎక్కువ. దసరాకి రాను. ఆ తర్వాత కూడా రాను. బావని తడికలు కట్టొద్దని చెప్పు.

అర్జునరావు

·

మల్కాపురం,
5-9-1978

అన్నయ్యకి,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించలేదు. ఏం రాశాడని అడిగితే, దగ్గు తగ్గిందట అని చెప్పాను. ఆయన పొంగిపోయారు.

నువ్వు రాసినదానికి నేను ఎదురు చెప్పను. ఎలా అనుకుంటే అలాగే అనుకో.

ఆవు సంగతి రాయాలి, అది నీది. దూడ పోయాక వారం రోజులు చుక్క కూడా చేపలేదు. దూడ వాసన తగిలితే తప్ప పాలు వదలదు కదా. వాచిన చన్ను పూర్తిగా ఎండిపోయింది, ఖాళీ సంచిలా వేలాడుతోంది. మిగతా మూడింటిలోనూ ఇంక తొమ్మిది లీటర్ల మాట మర్చిపొమ్మన్నారు డాక్టరు గారు. "ఒకసారి పొదుగు సెడిపోతే ఈ ఈతకి పాలు తిరిగి రావమ్మా. పైకి వాపు తీసిందని నువ్వనుకుంతన్నావు, నోపల కాలిపోయింది" అన్నారు. వచ్చే ఈతకైనా వస్తాయో రావో చెప్పలేనన్నారు.

దూడ పోయిన రోజే పోతమ్మ మొగుడు ఒక ఉపాయం చెప్పాడు. పాత పాలవాళ్ళంతా చేసేదేనట. దూడ తోలు తీయించి, ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల గడ్డి కుక్కి కుట్టారు. కాళ్ళకి నాలుగు వెదురుపుల్లలు. కళ్ళ దగ్గర రెండు చిల్లులు. నేను వద్దని ఏడ్చాను. ఏడ్చి, మర్నాడు నేనే దాన్ని చంకనేసుకున్నాను. పిల్లల్ని లోపల పెట్టి తలుపు వేసి బయల్దేరాను.

ఇప్పుడు ప్రతి గుమ్మం దగ్గరా అదే పని. ఆవుని కడతాను. గడ్డిదూడని ముందు నిలబెడతాను. ఆవు దాని వీపు నాకుతుంది, చెవులు నాకుతుంది. అప్పుడు చేపుతుంది. గుమ్మానికి పావు లీటరుకి మించి రావు. నువ్వు అడిగావు కదా, ఐదు లీటర్లతో పది గుమ్మాలు ఎలా తిరుగుతావని. గుమ్మం ఒక్కసారి మానేస్తే ఇంకో పాలమనిషి వచ్చి చేరతాడు, మళ్ళీ మన ముఖం చూడరు. అందుకని అందరికీ సగం సగం పోసి, రేపు ఎక్కువ పోస్తానని చెబుతూ వచ్చాను. రోజూ రేపే. ఇప్పుడు నాలుగు గుమ్మాలు మిగిలాయి. అచ్యుతరామయ్య గారి భార్య గడ్డిదూడని చూసి, "ఇదేటి పాపమే, సచ్చిన దూడని మా గుమ్మంలోకి తెత్తావా?" అని తలుపేసుకుంది. ఆవిడ తప్పు కాదు. నేనైనా వేసుకుంటాను.

ఆమినాబీ ఒక్కతే రోజూ చెంబు పట్టుకుని నిలబడుతుంది. పావు లీటరు పోసినా ఏమీ అనదు. నిన్న గడ్డిదూడ చెవి ఊడిపోతే సూదీ దారం తెచ్చి ఆవిడే కుట్టింది.

లోడింగు దగ్గర ముక్కుకి తడిగుడ్డ కట్టుకో. వదిన్ని బెల్లం, మిరియాలు కషాయం కాచి ఇవ్వమను. నా మీద కోపం ఉంటే ఉండనీ, తాగడం మానకు.

సీతాలు

·

కిరండోల్,
21-9-1978

సీతాలూ,

అర్ధరాత్రి దీపం పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

ఇక్కడ క్యాంపులో పాలు పోసే అతనికి నాలుగు గేదెలున్నాయి. వాటిలో ఒకదానికి పొదుగు వాచింది. నేను చూడ్డానికి వెళ్ళాను. నాకు తెలిసిన విద్య కదా. దూడని వదలబోతున్నాడు. మంచి పని చేస్తున్నావని అన్నాను కూడా. అంతలో జగదల్‌పూర్ నుంచి వచ్చిన పశువుల డాక్టరు అతని చెయ్యి పట్టుకుని లాగేశాడు. ఆ పాలలో రోగం ఉంటుందట. లేతదూడ తాగితే పారుడు పట్టుకుని పోతుందట. పారబొయ్యమనేది అందుకేనట. విషం తాగించినట్టే అన్నాడు.

నేను అక్కడే కూర్చుండిపోయాను. జలీల్ వచ్చి లేవదీశాడు.

జలీల్‌కి వాళ్ళ అమ్మ రాయించిన ఉత్తరం మొన్న వచ్చింది. నాకు చదివి వినిపించాడు. సీతాలు ఒక్క పూట కూడా ఆ చన్ను పితకలేదట. తమ గుమ్మం ముందే, తన కళ్ళ ముందే, దూడని ఒగ్గేదట. "మా అన్న సెప్పినాడు పిన్నీ, నాను మా అన్న మాట దాటను" అనేదట. దూడ వద్దని మూతి తిప్పుకుంటే బతిమాలి పెట్టేదట.

సీతాలూ, ఆ రోజు డాక్టరు నిన్నేమడిగాడో నాకు ఇప్పుడు తెలిసింది. ఆ పాలు దూడకి పట్టావా అని అడిగాడు. పట్టానన్నావు. ఎవరు చెప్పారో చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నేను అన్నన్ని మాటలు అంటే పడ్డావు.

నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే చాలు, ఇంకా ఒగ్గు, కడుపునిండా ఒగ్గు అని నేనే రాసిన ముక్కలు కనిపిస్తున్నాయి. నా పెయ్యని, నేను పేరు పెట్టుకున్న పెయ్యని, ఇంత దూరంలో కూర్చుని నేనే చంపుకున్నాను. ఆవు పాలు పోయింది నా వల్ల, సూదులు వద్దన్నది నేను. నీ ఆరు గుమ్మాలు పోయింది నా వల్ల. మీ వదిన పక్కన కూర్చుని వీపు రాస్తోంది. ఆవిడకి కూడా చెప్పలేదు.

ఒక్కటి అడుగుతాను. నీకు నేను ఇంతవరకు ఏమీ ఇవ్వలేదు, అడగడానికి నాకు మొహం లేదు, అయినా అడుగుతాను. ఆ పాలు నువ్వు అమ్ముకున్నానని రాయి. ఒక్క కార్డు ముక్క రాయి. ఆమినాబీ పెద్దావిడ, ఆవిడ పొరపాటు పడి ఉండొచ్చు కదా. నువ్వు రాస్తే నమ్ముతాను. నీ మీద కోపంతో బతకగలను సీతాలూ. దీనితో బతకలేను.

అన్నయ్య

·

మల్కాపురం,
30-9-1978

అన్నయ్యకి,

కార్డు మీద రాస్తున్నాను. పోస్టుమేన్ చదువుతాడు, చదవనీ.

ఆవుని మొన్న అమ్మేశాం. ఎవరికని అడగకు.

అవును, ఆ పాలు నేను అమ్ముకున్నాను. రెండు పూటలా అమ్ముకున్నాను. ఆమినాబీకి చూపు ఆనదు, ఆవిడ మాట పట్టుకోకు. దూడకి ఒక్క చుక్క కూడా వదల్లేదు. వదిలి ఉంటే బతికేదే. నువ్వు సరిగ్గానే చెప్పావు అన్నయ్యా, నేనే వినలేదు.

కషాయం తాగు.

సీతాలు